చెవికి అలవాటు లేని హిప్‌హాప్: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా వినాలి?

శబ్దవేది · శనివారం, రాత్రి 10:12

కొన్ని నెలలుగా నేను వింటున్నదంతా ఒకే రకం. హిప్‌హాప్‌లో అందరూ నడిచే దారి వదిలి పక్కకు వెళ్లినవాళ్లు, రాక్‌లో అదే పని చేసినవాళ్లు. వినగా వినగా ఒక విషయం నాకు గట్టిగా అనిపిస్తోంది. ఈ ఆల్బమ్‌లను "వింతగా ఉన్నాయి" అని పక్కన పెట్టేస్తాం. కానీ ఆ వింత ఊరికే పుట్టలేదు. చేతిలో ఏ మెషీన్ ఉంది, ఏ గదిలో చేశారు, అప్పుడు కోర్టులు ఏమంటున్నాయి, ఒంట్లో ఏ జబ్బు ఉంది, టేపు ముందే ఎలా బయటికి పొక్కింది... ఇవన్నీ ఆ శబ్దంలోనే ఉంటాయి. అవి తెలిశాక మళ్లీ వింటే వేరే పాటలా వినిపిస్తుంది.

మ్యాడ్‌విలనీ ఆల్బమ్ సంగతే చూడండి. 2004 మార్చిలో స్టోన్స్ త్రో లేబుల్ మీద వచ్చింది. రాప్ చేసింది ఎంఎఫ్ డూమ్, సంగీతం మ్యాడ్‌లిబ్. ట్రాకులు 22, మొత్తం నిడివి 46 నిమిషాలు. చాలా పాటలు రెండు నిమిషాల చుట్టూనే అయిపోతాయి. పల్లవి అనేది దాదాపు లేదు. డూమ్ వస్తాడు, చెప్పాల్సింది చెప్తాడు, బీట్ తెగిపోతుంది, ఇంకోటి మొదలవుతుంది. మొదట విన్నప్పుడు ఎవరో డైరీలోంచి పేజీలు చించి వరస లేకుండా చదువుతున్నట్టు అనిపించింది.

దాని వెనక కథ ఇది. 2002లో మ్యాడ్‌లిబ్ బ్రెజిల్ వెళ్లాడు. సావో పాలోలో హోటల్ గదిలో కూర్చుని, చేతిలో పట్టుకెళ్లే చిన్న రికార్డ్ ప్లేయర్, బాస్ ఎస్‌పీ-303 అనే చిన్న శాంప్లర్ (పాత రికార్డుల్లోంచి శబ్దం ముక్కలు, అంటే శాంపిల్స్, తీసి తిరిగి వాయించే మెషీన్), ఒక క్యాసెట్ డెక్‌తో చాలా బీట్‌లు అక్కడే చేశాడు. పెద్ద స్టూడియో లేదు, డజన్ల ట్రాకులు ఒకదాని మీద ఒకటి పేర్చే వీలు లేదు. అందుకే ఆ బీట్‌లు అంత పలచగా, గరుకుగా, ఒకే లూప్, అంటే మళ్లీ మళ్లీ తిరిగే ముక్క, మీద నిలబడి ఉంటాయి. ఈలోపు ఆల్బమ్ డెమో ఇంటర్నెట్‌లో లీక్ అయింది, అదీ విడుదలకు ఏడాదికి పైగా ముందే. ఆ తర్వాత డూమ్ చాలా పాటలకు గొంతు మళ్లీ ఇచ్చాడు. లీకైన దాంట్లో గొంతు హుషారుగా, గట్టిగా ఉంటుంది. విడుదలైన దాంట్లో కిందికి దిగి, నిదానంగా, ఎవరినీ మెప్పించే తొందర లేకుండా ఉంటుంది. ఈ రోజు మనం డూమ్ గొంతు అనగానే గుర్తు చేసుకునేది ఆ రెండో గొంతునే. లీక్ జరక్కపోతే మనకు ఈ ఆల్బమ్ ఇలా ఉండేది కాదు.

"అకార్డియన్" అనే పాటను హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి వినండి. డెడలస్ అనే లాస్ ఏంజెలిస్ సంగీతకారుడి పాటలోంచి తీసిన చిన్న ముక్క, కింద డ్రమ్స్, పైన డూమ్. అంతే. ఇంకేం లేదు, ఇంకేం అక్కర్లేదు కూడా.

మీరు విన్నవి చెప్పండి. హిప్‌హాప్ అయినా, ఆల్టర్నేటివ్ అయినా పర్వాలేదు. పేర్లు మాత్రమే రాయకుండా, ఏం వినిపించిందో రాయండి.

కొత్తచెవి · శనివారం, రాత్రి 11:03

అన్నా, నాకు ఈ సంగీతం పూర్తిగా కొత్త. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా డెత్ గ్రిప్స్ అంటున్నారని "ద మనీ స్టోర్" పెట్టాను. రెండో పాటకే టెన్షన్ వచ్చేసి ఆపేశాను. ఇళయరాజా, రెహమాన్, కొంచెం ఎమినెమ్, ఇదీ నేను పెరిగిన సంగీతం. ఇంగ్లీషు చదవగలను కానీ రాప్ వేగంలో సగం మాటలు పట్టుకోలేను. నాలాంటివాడు ఎక్కడ మొదలుపెట్టాలి? మాటలు అర్థం కాకపోతే ఇవి వినడంలో అర్థం ఉందా?

లూప్_రాజా · ఆదివారం, ఉదయం 8:40

కొత్తచెవి తమ్ముడూ, మాటలే లేని వాటితో మొదలుపెట్టు. రెండు చెప్తాను.

ఒకటి, డీజే షాడో "ఎండ్‌ట్రొడ్యూసింగ్", 1996. పూర్తిగా శాంపిల్స్‌తోనే చేసిన తొలి ఆల్బమ్ అని గిన్నిస్ వాళ్లు దీన్ని నమోదు చేశారు. ప్రధానంగా వాడిన మెషీన్ అకాయ్ ఎంపీసీ60. నేను బీట్‌లు చేస్తాను కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఓపిక పట్టు. ఆ మెషీన్ మెమరీలో మామూలుగా 13 సెకన్ల శబ్దమే పడుతుంది, పెంచుకుంటే 26. ఇప్పుడు మన ఫోన్‌లో గంటలకు గంటలు రికార్డ్ అవుతుంది కదా, ఆయనకు ఉన్నది సెకన్లు. కాబట్టి ఒక రికార్డులోంచి అర సెకను డ్రమ్ దెబ్బ, ఇంకోదాంట్లోంచి పియానో రెండు స్వరాలు, మరోదాంట్లోంచి ఎవరిదో నిట్టూర్పు, ఇలా ఏరుకుని కట్టాల్సిందే. పైగా 12 బిట్ మెషీన్, అంటే శబ్దాన్ని ఇప్పటి మెషీన్ల కంటే తక్కువ వివరంగా దాచుకునేది కాబట్టి డ్రమ్స్‌కు ఒక గరగర వస్తుంది. ఆ గరగర కోసం ఈ రోజుకీ ఆ పాత మెషీన్లు కొనేవాళ్లున్నారు. రికార్డుల కోసం ఆయన శాక్రమెంటోలో ఒక పాత రికార్డుల షాపు బేస్‌మెంట్‌లో గంటలకొద్దీ వెతికేవాడు. ఆల్బమ్ అట్ట మీద ఉన్న ఫొటో ఆ షాపుదే.

రెండోది జే డిల్లా "డోనట్స్". 2006 ఫిబ్రవరి 7న, ఆయన 32వ పుట్టినరోజున విడుదలైంది. ఫిబ్రవరి 10న ఆయన చనిపోయారు. లూపస్, దానితో పాటు అరుదైన రక్తవ్యాధి. 31 ట్రాకులు, ఎక్కువ భాగం నిమిషంన్నర లోపే. మొదటి ట్రాకు పేరు "ఔట్రో", చివరిది "ఇంట్రో". చివరిది అయిపోగానే మళ్లీ మొదటిదానికి వెళ్లేలా కట్టాడు.

ఇందులో "డోంట్ క్రై" దగ్గర ఆగు. ద ఎస్కార్ట్స్ అనే బృందం పాడిన పాత సోల్ పాటను మొదట కొంచెంసేపు ఉన్నదున్నట్టు వినిపిస్తాడు. తర్వాత దాన్నే ముక్కలు చేసి, మాటల మధ్యలో కోసి, వరస మార్చి మళ్లీ వాయిస్తాడు. అసలు పాట చెవిలో ఉండగానే దాన్ని ఏం చేశాడో నీకే తెలిసిపోతుంది. శాంప్లింగ్ అంటే దొంగతనం అనేవాళ్లకు నేను ఎప్పుడూ ఈ ట్రాకే వినిపిస్తాను.

డిల్లా డ్రమ్స్ కూడా గమనించు. మెషీన్‌లో క్వాంటైజ్ అని ఒకటుంటుంది, దెబ్బలన్నిటినీ లెక్క ప్రకారం సరిచేస్తుంది. ఆయన చాలా చోట్ల దాన్ని ఆపేసి, ఒక దెబ్బ కొంచెం ముందు, ఒకటి కొంచెం వెనక పడేలా ఉంచేవాడు. అది మత్తుగా, ఊగుతూ ఉంటుంది. ఆ ఊగును నిజమైన డ్రమ్మర్లు కూర్చుని నేర్చుకున్నారు. గాయకుడు డి'యాంజెలో "వూడూ" ఆల్బమ్‌లో డ్రమ్మర్ క్వెస్ట్‌లవ్ వాయించింది వింటే తెలుస్తుంది. డిల్లా వాడిన ఎంపీసీ3000 ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో ఉంది.

మంజీర · ఆదివారం, ఉదయం 10:25

శబ్దవేది గారూ, మీ పోస్టు బాగుంది. లూప్_రాజా గారు చెప్పినవి కూడా మంచి ఆల్బమ్‌లే. అయినా ఒక అభ్యంతరం ఉంది. "మాటలు అర్థం కాకపోయినా పర్వాలేదు" అనే వైపు ఈ చర్చ వెళ్తోంది. రాప్ ముందు మాట. మాటను వదిలేసి దాన్ని శబ్దంగా మాత్రమే వింటే, ఆ మనుషులు చెప్పుకున్నదాన్ని మనం వద్దంటున్నట్టే.

డూమ్‌నే తీసుకోండి. అతని తమ్ముడు సబ్‌రాక్, ఇద్దరూ కేఎండీ అనే బృందంలో ఉండేవాళ్లు. 1993లో తమ్ముడు కారు గుద్ది చనిపోయాడు. ఆ తర్వాత వాళ్ల రెండో ఆల్బమ్‌ను ఎలెక్ట్రా లేబుల్ విడుదల చేయకుండా ఆపేసింది. అతను కొన్నేళ్లు కనిపించకుండా పోయి, ముఖానికి లోహపు మాస్క్ పెట్టుకుని వేరే పేరుతో వచ్చాడు. మ్యాడ్‌విలనీలో తన గురించి "అతను", "ఆ విలన్" అని బయటి మనిషిలా చెప్పుకోవడం వెనక ఇదంతా ఉంది. "స్ట్రేంజ్ వేస్" యుద్ధం మీద పాట. అది తెలియకుండా బీట్‌కు తల ఊపితే ఎలా?

పైగా అతని ప్రాసలు. మనకు పద్యంలో ప్రాస రెండో అక్షరం దగ్గర, పాటలో అయితే పాదం చివర. డూమ్ దగ్గర నాలుగైదు అక్షరాల గుంపు వాక్యం మధ్యలో పడుతుంది, చివర పడుతుంది, తర్వాతి వాక్యం మొదట్లో మళ్లీ పడుతుంది. అదే ఆల్బమ్‌లోని "ఫిగారో" సాహిత్యం ముందు పెట్టుకుని నెమ్మదిగా చదవండి. ఒక్కో చోట వాక్యంలో ప్రాసకు అందని మాటే కనిపించదు. ఇది చదివి అందుకోవాల్సిన విద్య.

పాతటేపు · ఆదివారం, మధ్యాహ్నం 1:50

నేను హిప్‌హాప్‌కు రాక్ వైపు నుంచి వచ్చాను. అందుకే ఈ రెంటి మధ్య ఉన్న తలుపుల గురించి రాస్తాను.

మై బ్లడీ వాలెంటైన్ అనే రాక్ బృందం "లవ్‌లెస్", 1991 నవంబర్. అందరూ దీన్ని గిటార్ ఆల్బమ్ అంటారు. గిటార్ల గోడే, కాదనను. వాళ్ల గిటారిస్టు కెవిన్ షీల్డ్స్, గిటార్ తీగల బిగువు మార్చే ట్రెమొలో కడ్డీని చేతిలోనే పట్టుకుని వాయించడం వల్ల ప్రతి స్వరమూ కొంచెం కిందికీ పైకీ జారుతూ ఉంటుంది. కానీ ఆ గోడ కింద ఏముంది? అప్పుడు డ్రమ్మర్‌కు ఆరోగ్యం బాగోలేదు. అతను వాయించిన చిన్న చిన్న ముక్కలను శాంప్లర్‌లో ఎక్కించి, ఆల్బమ్‌లో ఎక్కువ భాగం డ్రమ్స్ వాటితోనే కట్టారు. కీబోర్డులా వినిపించే చాలా శబ్దాలు నిజానికి శాంప్లర్‌లో ఎక్కించిన గిటార్ ఫీడ్‌బ్యాక్, అంటే స్పీకర్ దగ్గర గిటార్ పెడితే వచ్చే కూత. అంటే రాక్‌లో అంత పేరున్న ఈ ఆల్బమ్ తయారైన పద్ధతి హిప్‌హాప్‌ది. 1988లో వాళ్లు చేసిన ఒక ఇన్‌స్ట్రుమెంటల్‌లో హిప్‌హాప్ బృందం పబ్లిక్ ఎనిమీ డ్రమ్ లూప్ నేరుగా వాడారు కూడా.

ఆ పబ్లిక్ ఎనిమీ ఏం చేస్తోంది? అదే 1988లో "ఇట్ టేక్స్ ఎ నేషన్ ఆఫ్ మిలియన్స్". హ్యాంక్ షాక్లీ, ఎరిక్ సాడ్లర్ వగైరా కలిసి బాంబ్ స్క్వాడ్ అని పేరు పెట్టుకుని, శాంపిల్ మీద శాంపిల్ పేర్చి సైరన్‌లా మోగించారు. "రెబెల్ వితౌట్ ఎ పాజ్"లో ఆగకుండా అరిచే ఆ శబ్దం జేమ్స్ బ్రౌన్ బృందం జేబీస్ వారి "ద గ్రంట్"లోని శాక్సఫోన్. దాన్ని పాట పొడుగునా తిప్పుతూనే ఉంటారు. చెవికి హాయిగా ఉండకూడదనే అలా చేశారు. హిప్‌హాప్‌లో నాయిజ్ గురించి మాట్లాడాలంటే నాకు మొదటి మెట్టు ఇదే.

రెండో తలుపు ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్. 1994లో అక్కడి బృందం పోర్టిస్‌హెడ్ "డమ్మీ". ఆ బృందంలోని జెఫ్ బారో కుర్రాడిగా ఉన్నప్పుడు అదే ఊరి బృందం మాసివ్ అటాక్ "బ్లూ లైన్స్" తయారవుతున్న స్టూడియోలో టేపులు అందించే పని చేసేవాడు. తన ఆల్బమ్‌కు వచ్చేసరికి ఏం చేశాడంటే, బృందంతో కొత్తగా వాయించి రికార్డ్ చేసిన సంగీతాన్ని వినైల్ రికార్డుగా అచ్చు వేయించి, ఆ రికార్డును కావాలనే అరగదీసి, మళ్లీ దాన్నే శాంపిల్ చేశారు. అందుకే అది ఎవరి ఇంట్లోనో అటక మీద దొరికిన రికార్డులా ఉంటుంది. "గ్లోరీ బాక్స్"లో ఐజాక్ హేస్ శాంపిల్ ఉంది, దాని మీద బెత్ గిబ్బన్స్ గొంతు. కొత్తచెవి గారికి నా సలహా అయితే ఇదే. గాయని పాడుతుంది, స్వరం ఉంది, కింద హిప్‌హాప్ డ్రమ్స్ ఉన్నాయి. భయం లేకుండా లోపలికి రావచ్చు.

రేడియోహెడ్ "కిడ్ ఏ" (2000) గురించి అందరూ రాసేశారు కాబట్టి ఒక్క సంగతితో వదిలేస్తాను. "ఇడియోటెక్"లో వినిపించే ఆ నాలుగు కార్డ్‌లు (కలిపి వాయించే స్వరాల గుంపులు) పాల్ లాన్‌స్కీ 1973లో ప్రిన్స్‌టన్‌లో పెద్ద ఐబీఎం కంప్యూటర్ మీద చేసిన రచనలోంచి తీసినవి. ఆయన్ను అడిగి, అనుమతి తీసుకునే వాడారు.

ఇంకా వెనక్కి వెళ్తే జర్మనీ బృందం క్యాన్, "టాగో మాగో", 1971. కొలోన్ దగ్గర ఒక కోటలో గంటలు గంటలు వాయించేవాళ్లు. బేస్ వాయించే హోల్గర్ చుకాయ్ ఆ టేపులను కోసి, అతికించి పాటలు తయారు చేసేవాడు. శాంప్లర్ రాకముందే శాంప్లింగ్. 18 నిమిషాల "హాలెలువా"లో డ్రమ్స్ వినండి. 2016లో హిప్‌హాప్ బృందం ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ తమ సహచరుడు ఫైఫ్ డాగ్ చనిపోయాక విడుదల చేసిన ఆల్బమ్‌లో, అతన్ని తలచుకునే పాటలో ఆ ట్రాకునే వాడారు. 45 ఏళ్ల తర్వాత.

శబ్దవేది · ఆదివారం, సాయంత్రం 6:15

మంజీర గారూ, మాటలు వద్దని నేను అనడం లేదు. మొదట చెవి పట్టుకునేది గొంతును, దాని నడకను. మాట తర్వాత వస్తుంది. త్యాగరాజ కృతి వినే తమిళుడికి తెలుగు రాకపోయినా ఆ కృతి అందుతోంది కదా. తెలుగు వచ్చినవాడికి ఇంకా ఎక్కువ అందుతుంది, ఒప్పుకుంటాను. కానీ మొదటివాడికి అందింది తక్కువ రకం సంగీతం కాదు.

డెత్ గ్రిప్స్ గురించి తమ్ముడు అన్నాడు కాబట్టి చెప్తాను. శాక్రమెంటో బృందం. ఎంసీ రైడ్ గొంతు, జాక్ హిల్ డ్రమ్స్, ఆండీ మోరిన్ కీబోర్డులు, ప్రొడక్షన్. 2011లో "ఎక్స్‌మిలిటరీ"ని ఉచితంగా ఇచ్చేశారు. 2012 ఏప్రిల్‌లో ఎపిక్ లాంటి పెద్ద లేబుల్ మీద "ద మనీ స్టోర్" వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 1న తర్వాతి ఆల్బమ్‌ను లేబుల్‌కు చెప్పకుండా తామే ఇంటర్నెట్‌లో పెట్టేశారు. లేబుల్ వాళ్లను వదిలేసింది. రైడ్ అరుస్తున్నది ఎవరో తనను వెంటాడుతున్నారనే భయాన్ని. ఆ భయానికి తగ్గట్టే శబ్దం ఉంది. నీకు టెన్షన్ వచ్చిందంటే ఆ పాట తన పని తాను చేసింది. కానీ మొదటి రోజే అక్కడికి వెళ్లనక్కర్లేదు.

ఎడిసన్_కృష్ణ · సోమవారం, ఉదయం 7:30

అందరికీ నమస్కారం. న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. శబ్దవేది గారు మొదట్లో కోర్టు తీర్పులు అని ఒక్క మాట అని వదిలేశారు. నా దృష్టిలో ఈ సంగీతం రూపం మారిపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం అదే. అందుకే వివరంగా రాస్తున్నాను.

1989లో రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. డి లా సోల్ "త్రీ ఫీట్ హై అండ్ రైజింగ్", బీస్టీ బాయ్స్ "పాల్స్ బోటిక్". రెండోదాంట్లో వందకు పైగా పాటల ముక్కలు ఉన్నాయి. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. డి లా సోల్ మీద మాత్రం ద టర్టిల్స్ అనే 60ల నాటి బృందం వాళ్లు కేసు వేశారు, కోర్టు బయట డబ్బు ఇచ్చి తేల్చుకున్నారు. అసలు దెబ్బ 1991 డిసెంబర్‌లో పడింది. బిజ్ మార్కీ అనే రాపర్, గిల్బర్ట్ ఓ'సలివన్ పాట ఒకటి అనుమతి లేకుండా వాడాడు. న్యూయార్క్ ఫెడరల్ జడ్జి కెవిన్ డఫీ తన తీర్పును బైబిల్‌లోని "దొంగిలించకూడదు" అనే ఆజ్ఞతో మొదలుపెట్టాడు. అంతటితో ఆగక, క్రిమినల్ కేసు పెట్టే సంగతి కూడా చూడమని ప్రాసిక్యూటర్‌కు పంపించాడు. ఆ తర్వాత 2005లో ఇంకో అప్పీల్ కోర్టు, ఎన్‌డబ్ల్యూఏ అనే రాప్ బృందం వాడిన రెండు సెకన్ల గిటార్ ముక్క కేసులో, లైసెన్స్ తీసుకోండి లేదా శాంపిల్ చేయకండి అని తేల్చేసింది. రెండు సెకన్లు!

దీంతో బాంబ్ స్క్వాడ్ లాగా ఒకే పాటలో పదుల కొద్దీ ముక్కలు పేర్చడం ఖర్చు రీత్యా అసాధ్యమైపోయింది. తర్వాత వచ్చినవాళ్లు ఏం చేశారో చూడండి. మ్యాడ్‌లిబ్ లాంటివాళ్లు ఎవరికీ తెలియని రికార్డుల కోసం దేశదేశాలు తిరిగారు. ఎల్-పీ లాంటివాళ్లు సింథసైజర్లు కలిపి, ముక్కను గుర్తుపట్టలేనంతగా నలిపేశారు. ఎల్-పీ 2001లో క్యానిబల్ ఆక్స్ అనే రాప్ జోడీకి చేసిన "ద కోల్డ్ వెయిన్" వినండి. న్యూయార్క్ చలి, ఇనుము, పావురాలు. ఒక పాట పేరే "పిజన్", అంటే పావురం. పేదవాడిని ఆ నగరపు పావురంతో పోల్చి పాట అంతా నడుపుతారు. జనవరిలో ప్లాట్‌ఫాం మీద రైలు కోసం నిలబడి విన్నాను. ఆ కీబోర్డులు ఎందుకంత గడ్డకట్టి ఉన్నాయో ఎవరూ చెప్పక్కర్లేదు.

మా ఎడిసన్ నుంచి రైలెక్కితే వచ్చే నూవార్క్ నుంచే డాలెక్ అనే బృందం వచ్చింది. 2005లో వాళ్ల "ఆబ్సెన్స్". డ్రమ్స్ హిప్‌హాప్‌వే, పైనంతా గిటార్ ఫీడ్‌బ్యాక్ లాంటి హోరు. పాతటేపు గారికి లవ్‌లెస్ ఇష్టం కాబట్టి ఇది తప్పకుండా నచ్చుతుంది. జర్మన్ బృందం ఫౌస్ట్‌తో కలిసి కూడా వీళ్లు ఒక ఆల్బమ్ చేశారు.

డి లా సోల్ కథ ఇంకా మిగిలి ఉంది. పాత కాంట్రాక్టులు, శాంపిల్ అనుమతుల చిక్కుల వల్ల వాళ్ల తొలి ఆల్బమ్‌లు ఏళ్ల తరబడి స్ట్రీమింగ్‌లో లేవు. ఒక తరం పిల్లలకు వాళ్ల పేరు తెలుసు, పాట తెలియదు. చివరికి 2023 మార్చి 3న వచ్చాయి. ముగ్గురిలో ఒకడైన ట్రుగోయ్ ఫిబ్రవరి 12నే చనిపోయాడు. మూడు వారాలు కూడా ఆగలేకపోయాడు. నాకు ఇది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

లూప్_రాజా · సోమవారం, ఉదయం 9:05

కృష్ణ గారూ, ఒక్కటి కలుపుతాను. చట్టం బిగుసుకున్నాక బాగుపడింది పెద్ద లేబుల్‌లు, డబ్బున్న రాపర్లు. బెడ్‌రూమ్‌లో చేసుకునేవాడికి లైసెన్స్ కొనే స్థోమత ఎక్కడిది? అసలు వాయించినవాళ్లకు డబ్బు చేరాలి, అందులో రెండో మాట లేదు. కానీ రెండు సెకన్లకూ, పాట మొత్తానికీ ఒకే నియమం అంటే అన్యాయం.

గోదారి_గాలి · సోమవారం, రాత్రి 9:48

మన వైపు నుంచి వెళ్లిన శబ్దాల గురించి ఎవరూ చెప్పలేదు. ఎం.ఐ.ఎ. అనే లండన్ గాయని "కాలా", 2007. ఆమె తల్లి పేరే ఆల్బమ్‌కు పెట్టింది. మొదటి పాట "బ్యాంబూ బంగా" మొదలవుతూనే వెనక తిరిగేది ఇళయరాజా సంగీతం. "దళపతి"లో తమిళంలో "కాట్టుకుయిలు", మనకు "సింగారాల పైరుల్లోన". చిన్నప్పటి నుంచి ఎన్నో పెళ్లి బ్యాండ్లలో విన్న ఆ పాట లండన్ అమ్మాయి ఆల్బమ్‌లో వినిపించగానే ఒళ్లు జలదరించింది. "బర్డ్ ఫ్లూ", "బాయ్జ్" పాటల్లో ఉరుమి డ్రమ్ములు ఉంటాయి, అవి తమిళనాడు వాద్యకారులు వాయించినవి. మెత్తగా చేయకుండా, ఊరేగింపులో ఎలా మోగుతాయో అలాగే ఉంచింది. "పేపర్ ప్లేన్స్" లో మాత్రం ద క్లాష్ అనే రాక్ బృందం శాంపిల్.

మ్యాడ్‌లిబ్ కూడా 2007లోనే "బీట్ కండక్టా ఇన్ ఇండియా" అని మొత్తం ఆల్బమ్ మన దేశపు రికార్డులతో చేశాడు, ఎక్కువ హిందీ సినిమావి. బాగుంది, కానీ అక్కడక్కడా వాయించినవాళ్లెవరో తెలియకుండా ముక్క దాటిపోతుంది. అది నాకు గుచ్చుకుంటుంది. 2002లో ట్రూత్ హర్ట్స్ పాడిన "అడిక్టివ్" పాటలో లతా మంగేష్కర్ గొంతు వాడుకున్నారు. ఆ హిందీ పాటకు సంగీతం చేసిన బప్పీ లాహిరి పేరు వేయకుండా ఆ సీడీలు అమ్మకూడదని అమెరికా ఫెడరల్ కోర్టే 2003లో ఆదేశించింది. కాబట్టి లూప్_రాజా గారూ, చట్టం ఎప్పుడూ పెద్దవాళ్ల వైపే ఉందని అనుకోలేం. ఈ కేసులో అది మన సంగీతకారుడి పేరు నిలబెట్టింది.

మంజీర · మంగళవారం, రాత్రి 8:20

శబ్దవేది గారూ, త్యాగరాజు ఉదాహరణ బాగుంది, కానీ నేను వెనక్కి తగ్గను. దానికి ఒక ఆల్బమ్ చూపిస్తాను. రాపర్ అర్ల్ స్వెట్‌షర్ట్ "సమ్ రాప్ సాంగ్స్". 2018 నవంబర్ 30న వచ్చింది. 15 పాటలు, మొత్తం 25 నిమిషాల లోపే.

మొదట వింటే రికార్డు మీద సూది ఇరుక్కుపోయినట్టు ఉంటుంది. లూపులు సగంలో తడబడతాయి, గొంతు దుప్పటి కిందినుంచి వస్తున్నట్టు ఉంటుంది. శబ్దం మాత్రమే వినేవాడు "లో-ఫై" (కావాలని గరుకుగా ఉంచిన రికార్డింగ్) అని ఒక పేరు పెట్టి ముందుకు పోతాడు. కానీ అర్ల్ తండ్రి కేయొరాపెట్సే కొసిట్సీలే, దక్షిణాఫ్రికా జాతీయ కవి. వర్ణవివక్ష కాలంలో దేశం వదిలి ప్రవాసంలో బతికిన మనిషి. కొడుకుతో చాలా ఏళ్లు దూరం. ఆ దూరాన్ని దాటాలనే ఈ ఆల్బమ్‌లో ఒక ట్రాకు కట్టాడు. "ప్లేయింగ్ పోసమ్". అందులో అర్ల్ రాప్ లేదు. తల్లి ఒక సభలో కృతజ్ఞతలు చెప్తున్న మాటలు, తండ్రి తన కవిత చదువుతున్న గొంతు, రెంటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు. జీవితంలో దూరమైన ఇద్దరూ రెండు నిమిషాలు పాటలో మాట్లాడుకుంటారు. తండ్రికి వినిపించాలనుకున్నాడు. 2018 జనవరిలో తండ్రి చనిపోయాడు, వినలేదు.

ఆల్బమ్ చివరి ట్రాకు "రయట్!". మాటల్లేవు. అది హ్యూ మసెకేలా ట్రంపెట్ పాట శాంపిల్. మసెకేలా ఆ కుటుంబానికి ఆప్తుడు, తండ్రి పోయిన నెలలోనే ఆయనా పోయాడు. మొత్తం ఆల్బమ్‌లో మబ్బు తొలగి కొంచెం వెలుతురు కనిపించేది అక్కడే. ఇవన్నీ తెలియకపోతే ఆ వెలుతురు ఎందుకో తెలియదు. అందుకే మాట ముందు అంటున్నాను.

శబ్దవేది · మంగళవారం, రాత్రి 10:40

మంజీర గారూ, రెండు సార్లు చదివాను మీరు రాసింది. ఆ చివరి ట్రాకులో మాటే లేదన్నది మాత్రం గమనించండి. ఇంత మాటకారి, అన్నిటికంటే పెద్ద విషయం చెప్పాల్సి వచ్చినప్పుడు ట్రంపెట్‌కు వదిలేశాడు. నా వాదన అక్కడుంది. మీ వాదన "ప్లేయింగ్ పోసమ్"లో ఉంది.

ఇంకొకటి ఇద్దరికీ పనికొస్తుందేమో చూడండి. లాస్ ఏంజెలిస్ బృందం క్లిపింగ్. రాపర్ డావీడ్ డిగ్స్, "హ్యామిల్టన్" నాటకానికి టోనీ అవార్డు గెలిచిన నటుడు. మిగతా ఇద్దరు విలియం హట్సన్, జొనాథన్ స్నైప్స్. వీళ్లు ఒక నియమం పెట్టుకున్నారు: రాపర్ "నేను" అనకూడదు. రాప్ అంటేనే "నేను" అనే చోట ఇది ఎంత పెద్ద కట్టుబాటో ఆలోచించండి. 2016లో "స్ప్లెండర్ అండ్ మిజరీ", అంతరిక్ష నౌకలో బానిసల తిరుగుబాటు జరిగాక బతికి మిగిలిన ఒకే ఒక్కడి కథ. సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో అవార్డుకు నామినేట్ అయింది. వేరే పాటలో అలారం గడియారం మోతనే బీట్‌గా వాడారు. 2019 ఆల్బమ్‌లో చివరి 18 నిమిషాలు పియానో ఒకటి కాలిపోతున్న చప్పుడు. అన్నియా లాక్‌వుడ్ 1968లో చేసిన రచన అది, దాన్ని వీళ్లు మళ్లీ చేశారు. తీగలు ఒక్కొక్కటే తెగుతుంటాయి. పూర్తిగా విన్నాను. ముందు భయం, తర్వాత విసుగు, ఆ తర్వాత ఒక్కో తీగ కోసం ఎదురుచూడటం మొదలైంది.

కొత్తచెవి · బుధవారం, రాత్రి 9:30

అందరికీ థాంక్స్. "డమ్మీ" విన్నాను, వెంటనే నచ్చింది. "డోనట్స్" మొదట అర్థం కాలేదు. పాట మొదలయ్యేలోపే అయిపోతోంది అనిపించింది. లూప్_రాజా అన్న చెప్పిన "డోంట్ క్రై" దగ్గర ఆగి, వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. అసలు పాట ఎక్కడ ఆగింది, ఆయన చేయి ఎక్కడ మొదలైందో ఒక్కసారిగా తెలిసిపోయింది. అప్పటి నుంచి మిగతా ట్రాకుల్లోనూ ఆ కోతలు వినిపిస్తున్నాయి.

మంజీర గారు చెప్పినట్టు "ఫిగారో" సాహిత్యం పెట్టుకుని కూర్చున్నాను. కష్టంగా ఉంది, సగం మాటలకు వెతుక్కోవాల్సి వస్తోంది. కానీ ప్రాసలకు పెన్సిల్‌తో గీతలు గీస్తే కాగితం నిండిపోయింది. ఒక ప్రశ్న: డూమ్ బీట్ కంటే కొంచెం వెనక మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అది కావాలని చేసిందేనా, నాకే అలా వినిపిస్తోందా?

లూప్_రాజా · బుధవారం, రాత్రి 10:02

సరిగ్గానే విన్నావు తమ్ముడూ. లీకైన డెమో ఎక్కడైనా దొరికితే అదే పాటను రెండు వెర్షన్లూ పక్కపక్కన పెట్టి విను. డెమోలో గొంతు బీట్ నెత్తిన కూర్చుంటుంది. ఆల్బమ్‌లో దాన్ని ముందుకు పోనిచ్చి, వెనక నడుస్తుంది. మ్యాడ్‌లిబ్ లూపులు కూడా గీత గీసినట్టు ఉండవు కాబట్టి ఆ వెనకబాటు అందులో కలిసిపోయింది.

ఎడిసన్_కృష్ణ · గురువారం, ఉదయం 6:55

ఆదివారం అందరం "ద కోల్డ్ వెయిన్" విని ఇక్కడే రాద్దామా? 70 నిమిషాల పైనే ఉంది, ఒకే దఫాలో వింటే మంచిది. మంజీర గారూ, "పిజన్" సాహిత్యం మీరు ముందు చదివి, కష్టమైన మాటలకు అర్థాలు పెడితే కొత్తవాళ్లకు సాయంగా ఉంటుంది.

మంజీర · గురువారం, ఉదయం 11:18

తప్పకుండా కృష్ణ గారూ. శనివారం రాత్రికల్లా పెడతాను. శబ్దవేది గారు మాత్రం అది చదవకుండా ముందు ఒకసారి విని, ఏం వినిపించిందో రాయాలి.

శబ్దవేది · గురువారం, మధ్యాహ్నం 12:05

సరేనండి. శనివారం పగలే విని రాసేస్తాను, మీ అర్థాలు రాకముందే.